మూడో బిడ్డ ఎవరి ఒళ్ళో పెరగాలి?

కిందటి వేసవిలో మా పెదనాన్నగారి మునిమనవడికి కదిరి నరసింహస్వామివారి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించారు. బంధువులమంతా చాలాకాలానికి ఒకచోట చేరాం. భోజనాల వేళ మా చిన్నాయన నా పక్క విస్తరి ముందు కూర్చున్నారు. ఆయన ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవారు. పత్రికను మొదటి పుటనుంచి చివరి పుటదాకా చదవడం, చదివినదాన్ని ఎదుటివారికి పాఠంగా చెప్పడం, ఈ రెండు అలవాట్లూ ఆయనను ఇంకా వదలలేదు. ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటూ నావైపు తిరిగి, "ఏం పాపా, నీకు ఒక్కతే కదా కూతురు? మీ తరం ఆడపిల్లలు చదువుకొని ఉద్యోగాల్లో పడి బిడ్డల్ని కనేదే మానేస్తిరి. మీకు ఇల్లు కావల్ల, కారు కావల్ల, ఏడాదికోసారి ఊర్లు తిరగల్ల. బిడ్డలు మాత్రం బరువు. ఇట్లయితే రేపు ఈ రాష్ట్రంలో ముసలోళ్ళు తప్ప ఎవరుంటారు?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దవారికి పంక్తిలో ఎదురు చెప్పడం మా ఇళ్ళలో లేదు.

ఆరోజు మింగేసిన జవాబు ఇక్కడ వ్రాస్తున్నాను. చిన్నాయన ఒక్కరికోసమే అయితే ఇంత శ్రమ అక్కరలేదు. ఆ మాట ఇప్పుడు ఊరందరి మాట అయింది, ప్రభుత్వం మాట కూడా అయింది.

మొన్నమొన్నటిదాకా మన చట్టం చెప్పింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1994లో చేసిన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరు బిడ్డలున్నవారు ఆ తరువాత మూడోబిడ్డను కంటే సర్పంచి పదవికి గాని, వార్డు సభ్యత్వానికి గాని పోటీ చేయడానికి వీల్లేదు. హర్యానాలో ఇటువంటి నిబంధన మీదే వ్యాజ్యం నడిచినప్పుడు, 2003లో సర్వోన్నత న్యాయస్థానం అది సబబేనంది. మూడు దశాబ్దాలు ఆ నియమం నడిచింది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఇద్దరికంటె ఎక్కువమంది బిడ్డలున్నవారే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హులయ్యేట్టు చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాత నిబంధనను తొలగించింది. 1997లో జనాభా తగ్గించాలని రాష్ట్ర జనాభా విధానం ప్రకటించినప్పుడూ ముఖ్యమంత్రి ఆయనే. కాలం మారితే అభిప్రాయం మార్చుకోవడంలో తప్పులేదు, దాన్ని నేను ఎత్తిపొడవడం లేదు. నా అభ్యంతరం వేరు. "చాలు" అన్నప్పుడూ, "చాలదు" అంటున్నప్పుడూ ఎవరి కడుపును ఉద్దేశించి అన్నారో ఆమెను ఒక్కమాట అడిగినవారు లేరు. అడగాలన్న ఊహ కూడా ఎవరికీ వచ్చినట్టు కనబడదు.

ఇక్కడ చిన్నాయనకు ఒక సంగతి గుర్తుచేయాలి. 1986లో నాకు మూడేళ్ళు, మా తమ్ముడికి అయిదు నెలలు. అమ్మకు ఇరవైరెండేళ్ళు. కు.ని. ఆపరేషన్లకు ఆ రోజుల్లో లక్ష్యాలుండేవి. ఊళ్ళో పనిచేసే సర్కారు ఉద్యోగులు, ఉపాధ్యాయులతో సహా, ఇన్ని "కేసులు" తేవాలని పైనుంచి ఒత్తిడి ఉండేది. (ఆ లక్ష్యాల పద్ధతిని కేంద్రం 1996లో ఎత్తివేసింది.) అప్పుడే ఉద్యోగంలో చేరిన చిన్నాయన పొరుగూరి క్యాంపుకు తీసుకుపోయిన కేసుల్లో మా అమ్మ ఒకతె. "వదినా, ఇద్దరు చాలు, దేశానికి మంచిది" అన్నాడట. బడి గోడ మీద ఎర్రత్రికోణం బొమ్మ వేయించినవాడూ ఆయనే. చాప మీద పడుకోబెట్టిన ఆడవాళ్ళ వరుసలో తానెక్కడుందో అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కిటికీ నుంచి నాలుగో మనిషి. మూడోనాడు ఇంటికి వచ్చి, పదోనాడు చెనిక్కాయ చేలో కలుపుకు పోయింది. నాన్న ఎందుకు చేయించుకోలేదని నేను పెద్దయ్యాక అడిగితే, "మగోళ్ళు బరువులెత్తే పని చేయల్ల కదా" అంది, ఆమె రోజూ నీళ్ళబిందెలెత్తలేదన్నట్టు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి కాపురం చేస్తున్న స్త్రీలలో 70 శాతానికి దగ్గరగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. వీరిలో ఎంతోమందికి అప్పటికి ఇరవై అయిదేళ్ళు కూడా నిండలేదు. దేశం మొత్తంమీద మగవారి ఆపరేషన్ల వంతు 0.3 శాతం. చిన్నకుటుంబం అనే ఘనకార్యాన్ని ఈ రాష్ట్రం దాదాపుగా ఆడవాళ్ళ కడుపుకోతతోనే సాధించింది. ఆ మాట అక్షరార్థంలోనే వాడుతున్నాను.

ఇక "చదువుకొని ఉద్యోగాల్లో పడి కనడం మానేశారు" అన్న నింద. ఇది చరిత్రకు నిలవదు. 1991 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారి అక్షరాస్యత మూడింట ఒకవంతుకు లోపే. అయినా 1992-93 నాటికి ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 2.6కు వచ్చేశాయి. దేశం సగటు అప్పటికి 3.4. 2005-06 నాటికి మనం 1.8 దగ్గర నిలిచాం. ఒక తరం తనను తాను భర్తీ చేసుకోవడానికి కావలసినదానికంటె అది తక్కువ. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు అప్పుడెంతమంది? ఇప్పుడైనా రాష్ట్రంలో వారు పిడికెడు. కాన్పులు తగ్గించింది సంతకం పెట్టడం రాని, నాట్లకూ కలుపుకూ పోయే కూలితల్లులు. వాళ్ళకు కారు మోజు లేదు. ఊరు తిరగడమంటే వాళ్ళకు వలసపోవడమే. ఇంటికి ఇద్దరు చేతులు కలిపి పనిచేస్తే గాని గడవని బ్రతుకులో, ఇద్దరు బిడ్డలనైనా బడికి పంపాలనుకున్నారు. దాన్ని దురాశ అనగలిగిన నోరు నాకు లేదు. మా ఊళ్ళో ఇవాళ్టికీ ఉపాధిపనికి పోయే ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను పసుపుపచ్చ వ్యాన్‌లో పది కిలోమీటర్ల దూరంలోని ప్రైవేటు బడికి పంపుతుంది. ఆ వ్యాన్ కిరాయి ఆమెకు ఏమాత్రం చిన్నది కాదు. చిన్నాయన చెప్పే మూడో బిడ్డ ఆ వ్యాన్ ఎక్కకుండా ఇంట్లో ఉండాలా?

మా అవ్వ కాలం గొప్పదని ఎవరైనా అంటే కూడా ఒప్పుకోను. అవ్వ ఏడుగురిని కన్నది, నలుగురు దక్కారు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పసిబిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఏడుగురిని పెంచింది ప్రేమలో అని మనం ఇప్పుడు పాటలు పాడుకోవచ్చు. పోయిన ముగ్గురి పేర్లు అవ్వ ఎవరి ముందూ పలికేది కాదు.

సరే, చిన్నాయన మాటలో నాకు గుచ్చుకున్న సగం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ వాదం నిజాయితీగా ఉండదు.

2010లో నేనూ మా ఆయనా హైదరాబాదు అంచున మూడు పడకగదుల ఫ్లాటు కొన్నాం. రెండు గదులది సరిపోయేది. ఇద్దరు పిల్లలు పుడితే వారికొక గది ఉండాలని, ఇరవై ఏళ్ళ అప్పు తీసుకొని మూడోది కూడా కొన్నాం. 2011లో అమ్మాయి పుట్టింది. చట్టం అప్పుడిచ్చిన ప్రసూతి సెలవు పన్నెండు వారాలే. బిడ్డకు మూడునెలలు నిండకముందే నేను ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నమయ్యేసరికి రొమ్ములు రాళ్ళయ్యేవి. స్నానాలగది తలుపు వేసుకొని పాలు పిండి పారబోసేదాన్ని. ఇంట్లో బిడ్డ డబ్బాపాలు త్రాగేది. ఆ డబ్బా కొనడానికి చేస్తున్న ఉద్యోగం కదా అని ఒకనాడు నవ్వు కూడా వచ్చింది. అమ్మ ఊరు విడిచి రెండున్నరేళ్ళు మా దగ్గరుంది. అన్నాళ్ళూ నాన్న ఊళ్ళో ఒక్కడే వండుకు తిన్నాడు. మోకాళ్ళు మొరాయించాక అమ్మ తిరిగి వెళ్ళిపోయింది.

రెండో బిడ్డ ఊసు 2014లో వచ్చింది. నాకు కావాలని ఉండేది. మా ఆయన ఒక నోటుపుస్తకం తీసి లెక్క వేశారు. ఇంటి వాయిదా, కారు వాయిదా, బడి ఫీజు రెండింతలు, ఆయా జీతం, ఆరోగ్యబీమా, ఏటా పదిశాతం పెరుగుదల. కింద గీత గీసి "కుదరదు" అన్నారు. నేనూ ఆ అంకె చూసి తలూపాను. ఆరేళ్ళ తరువాత, 2020 లాక్‌డౌన్‌లో అలమరా సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. తీరిగ్గా కూర్చుని చూశాను. బిడ్డకు కడుపునిండా తిండి, బట్టలు, మందులు, మామూలు చదువు, ఇవన్నీ కలిపినా అందులో చిన్న అంకే. పెద్ద అంకెలు మూడు. ఒకటి ఇల్లు. రెండోది కారు. మూడోది, నా సహోద్యోగుల పిల్లలంతా చేరారు కనుక మా పిల్లనూ చేర్చిన బడి. మేము బిడ్డను భరించలేమనుకోలేదు, ఒక బాల్యానికి మేము కట్టిన ధరను భరించలేమనుకున్నాం. ఆ ధర కట్టినవాళ్ళం కూడా మేమే. పిల్లలకోసమని కొన్న గది అప్పు తీర్చడానికి రాత్రి పదకొండింటిదాకా అమెరికావాళ్ళతో ఫోన్లలో కూర్చుని, ఆ గదిలో పడుకోవలసిన బిడ్డను వద్దనుకున్నాం. ఆ గదిలో ఇప్పుడొక వ్యాయామపు సైకిలుంది. దానిమీద తడిబట్టలు ఆరేస్తాం.

కనుక "ఇల్లు కావల్ల, కారు కావల్ల" అన్నందుకు చిన్నాయన మీద నాకు కోపం లేదు. ఆ మాట నన్నొక్కదాన్నే అడిగినందుకు ఉంది. ఆ పంక్తిలో మా ఆయన కూడా కూర్చున్నారు. ఇల్లూ కారూ ఇద్దరివి, లెక్క వేసింది ఆయన, తలూపింది నేను. నింద మాత్రం నా విస్తట్లోనే పడింది.

ఆ పుస్తకంలో ఇంకొకటి కూడా గమనించాను. రూపాయలకు గడులున్నాయి, గంటలకు లేవు. బడి వ్యాన్ మూడున్నరకు వస్తే ఎవరు దింపుకోవాలి? జ్వరమొస్తే సెలవు ఎవరిది? సంచిలో పసుపురంగు చార్టు లేదని రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తే కొట్టు తెరిపించేది ఎవరు? ఆ గంటలకు గడి పెట్టలేదంటే అవి ఉచితమని ఇద్దరమూ ముందే ఒప్పుకున్నామన్నమాట. 2019లో కేంద్రం జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు జీతంలేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారని తేలింది. 2024లో మళ్ళీ జరిపారు. ఆడవాళ్ళవి 289కి దిగాయి. మగవాళ్ళవి 88కి దిగాయి! మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ వచ్చి మిగిల్చిన నిమిషాల్లో కూడా మనవాళ్ళు వాటా తీసుకున్నారు. మా ఆయన మంచివారు, "నీకు సాయం చేస్తాను కదా" అంటారు. ఆయన పళ్ళెం ఆయన కడుక్కోవడం నాకు సాయం ఎలా అవుతుందో పదిహేనేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

జీతంలేని ఈ పనిని మన మధ్యతరగతి ఎలా సర్దుకుంటున్నదో చూడండి. కూతురి గంటలు చాలకపోతే తల్లి గంటలు తెచ్చుకుంటుంది. సముద్రం దాటి మరీ తెచ్చుకుంటుంది. అమెరికాలో కాన్పు అంటే వియ్యపురాళ్ళిద్దరూ వంతులవారీగా ఆరేసి నెలలు వెళ్ళి రావడం మనకిప్పుడు ఎంత మామూలైపోయిందంటే, విమానాశ్రయంలో ఆవకాయ సీసాలకు గుడ్డకట్టి కంగారుపడే ఆడవాళ్ళను చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. ఆ సంపన్నదేశంలో జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలన్న జాతీయచట్టం లేదు. 1993 చట్టం ఇచ్చేది పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. ఆ లోటును భర్తీ చేస్తున్నది అనంతపురం, గుంటూరు, కరీంనగర్ జిల్లాల అరవై ఏళ్ళ ఆడవాళ్ళు. ఏ దేశపు ఆదాయ లెక్కల్లోనూ వారి పేరు లేదు.

చదువుల సంగతికి వస్తాను. మా సీమలో బోర్లు వేసుకున్న కథ అందరికీ తెలుసు. పక్క రైతు మూడువందల అడుగులు వేస్తే నా బావి ఎండుతుంది. నేను నాలుగువందలు వేస్తాను, వాడు అయిదువందలకు దిగుతాడు. చివరికి అందరూ అప్పులపాలవుతారు గాని, నేలలో నీరు ఒక్క చుక్క పెరగదు. పిల్లల చదువును మనం సరిగ్గా అలాగే చేసుకున్నాం. మా తరంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో కలెక్టరు ఆఫీసు గుమాస్తా కొడుకూ, కూలివాని కొడుకూ ఒకే బల్లమీద కూర్చున్నారు. ముందు డబ్బున్నవాళ్ళు బయటికి పోయారు, తరువాత ఉద్యోగులు, ఆ తరువాత ఆ బడిలోనే పాఠం చెప్పే అయ్యవార్లు తమ పిల్లలను బయటికి పంపారు. (చిన్నాయన తన కూతురిని ఏ బడిలో చదివించారో ఇక్కడ వ్రాయను.) వెళ్ళిన ప్రతివారివల్లా మిగిలినవారి బడి పాడైంది, బయటి బడి ధర పెరిగింది. ఎల్‌కేజీ నుంచి పోటీ, ఎనిమిదోతరగతి నుంచి ఐఐటీ పాఠాలు. ఇంత ఖర్చు పెట్టాలంటే ఒక్కరు చాలనుకుంటాం. ఆ ఒక్కరినీ పదిహేనో ఏట కార్పొరేటు కళాశాల హాస్టల్లో చేర్చి, ఆదివారం సాయంత్రం గేటు దగ్గర అరగంట చూసి వస్తాం. ఒక్కరినే కన్నది బాగా పెంచుకోవడానికే అయితే, పెంచవలసిన రెండేళ్ళు వేరేవారికి డబ్బిచ్చి అప్పగించడం ఏమిటి? మా అమ్మాయిని ఆ హాస్టల్లో వేయమని మా ఇంట్లో పోయిన ఏడు నుంచి రగడ నడుస్తోంది. ఇంతవరకు నేను సంతకం పెట్టలేదు.

చట్టాలు మంచివే ఉన్నాయని కొందరంటారు. ఉన్నాయి. 2017లో ప్రసూతి సెలవును ఇరవైఆరు వారాలకు పెంచారు. యాభైమంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలన్నారు. కాని ఆ సెలవు జీతమంతా యజమానే భరించాలి. ఇ.ఎస్.ఐ. పరిధిలోని చిన్న జీతాలవారికి తప్ప ఆ ఖర్చులో సమాజానికి వాటా లేదు. బిడ్డ దేశానికి కావాలట, ఖర్చు మాత్రం ఆ తల్లిని ఉద్యోగంలో పెట్టుకున్నవాడిదట! పెళ్ళికాని ఇరవైఆరేళ్ళ అమ్మాయిని ఇంటర్వ్యూలో "రెండేళ్ళలో మీ ఆలోచన ఏమిటి?" అని నవ్వుతూ అడగడం ఎందుకో ఇక వేరే చెప్పాలా? పైగా అదే చట్టం ఇద్దరు బిడ్డల తరువాత కాన్పుకు సెలవును పన్నెండు వారాలకు కుదించింది. తన ఉద్యోగినులకు ఎన్ని కాన్పులకైనా సెలవిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది, సంతోషం. కాని ప్రభుత్వోద్యోగం చేసే ఆడవాళ్ళు ఎందరు? చేలో పనిచేసే తల్లికి సెలవు అన్న మాటే లేదు. తొలికాన్పుకు కేంద్రం ఇచ్చే సాయం 5,000 రూపాయలు. అంగన్‌వాడీలు 1975 నుంచీ ఉన్నాయి, వాటిని నడిపే ఆడవాళ్ళు చేసే సేవకు చేతులెత్తి మొక్కాలి. కాని ఆ తలుపులు కూలిపని ముగిసేవరకు తెరిచి ఉండవు, రెండేళ్ళ పసివాడిని రోజంతా చూసుకునే ఏర్పాటు అక్కడ లేదు. తండ్రికి సెలవు కేంద్రప్రభుత్వ ఉద్యోగి అయితే పదిహేను రోజులు. ప్రైవేటులో చట్టం ఏమీ ఇవ్వదు, యజమాని దయ. పదిహేను రోజుల్లో తండ్రి ఏం నేర్చుకుంటాడు? బంధువులకు కాఫీలివ్వడం.

ఈ ఏర్పాట్లేవీ మార్చకుండా కనమంటే కంటారా? చైనా మూడున్నర దశాబ్దాలు ఒక్కరే అని కట్టడి చేసి, 2016లో ఇద్దరు అంది, 2021లో ముగ్గురు అంది. 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతూనే ఉంది. దక్షిణ కొరియా ఏళ్ళతరబడి నగదు ప్రోత్సాహకాలు కుమ్మరించినా 2023లో స్త్రీకి సగటున 0.72 కాన్పులకు దిగిపోయింది. పనిగంటల విషయంలోను, పిల్లల ట్యూషన్ల విషయంలోను, ఇంటిపని విషయంలోను కొరియావాళ్ళ గురించి చదువుతుంటే నాకు మన ఊళ్ళ గురించి చదువుతున్నట్టే ఉంటుంది.

ముసలితనం గురించిన భయం మాత్రం అబద్ధం కాదు. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇలాగే సాగితే చూసేవారు తక్కువై, చూడవలసినవారు ఎక్కువవుతారు. మా ఊళ్ళో వీధికి రెండిళ్ళు అప్పుడే అలా ఉన్నాయి. కాని ఆ భయానికి మందుగా ఆడదాని కడుపును చూపించేవారు, రేపు ఆ ముసలివారిని చూసేది కూడా ఆడదే అని ముందే లెక్కకట్టి ఉంచారు. కోడలో, కూతురో, జీతానికి వచ్చే ఆయమ్మో. కొడుకులు తండ్రికి అన్నం వండిపెట్టడం నేర్చుకుంటారని ఆ లెక్కలో ఎవరూ వేయలేదు. ఒక బిడ్డ చాలనుకునే తల్లి తక్కువ పౌరురాలు కాదు, నలుగురు కావాలనుకునే తల్లి మూఢురాలు కాదు. నాలాగా రెండో బిడ్డ కావాలని ఉండి మానుకున్నవాళ్ళు ఈ నగరంలో నాకు తెలిసే పదిమంది ఉన్నారు. మమ్మల్ని సభల్లో మందలించే బదులు, సాయంత్రం ఆరింటిదాకా తెరిచి ఉండే శిశుకేంద్రం ఒకటి వీధిలో పెట్టండి. నడిచిపోయే దూరంలో, మన పిల్లలను సిగ్గుపడకుండా పంపగలిగే సర్కారుబడి ఒకటి నిలబెట్టండి. తల్లికిచ్చే సెలవులో కొంత, తండ్రి వాడుకోకపోతే మురిగిపోయేట్టుగా, తండ్రి పేర వ్రాయండి. అప్పుడు కంటామా కనమా అన్నది మాకు వదిలేయండి. నా విషయంలో ఆ మాట ఎలాగూ ఆలస్యం. నాకిప్పుడు నలభై దాటాయి.

చిన్నాయన కూతురు డాలస్‌లో ఉంటుంది. ఈ మధ్యనే రెండో కాన్పు. పోయిన నెల చిన్నమ్మ ఆరునెలలకని బయలుదేరి వెళ్ళింది. నడుంనొప్పికి పట్టీ కట్టుకొని, పెట్టెనిండా మెంతిపొడీ వాముపొడీ పెట్టుకొని. మొదటివారం చిన్నాయన కర్రీపాయింటు నుంచి తెప్పించుకు తిన్నారు. రెండోవారం కడుపులో మంట పట్టుకుంది. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశారు. రాజకీయాలూ, జనాభా ఏమీ మాట్లాడలేదు. కొంచెంసేపు దగ్గి, "ఏం పాపా, కుక్కర్లో కందిపప్పు పెడితే ఎన్ని విజిళ్ళు రానియ్యల్ల?" అని అడిగారు.

పప్పు ముందు అరగంట నానబెట్టమని, నాలుగు రానిచ్చి దించమని చెప్పాను. వ్రాసుకుంటున్నట్టున్నారు, రెండుసార్లు చెప్పించుకున్నారు.